అన్నం మానకుండా, ఇంటికంతటికీ ఒకే వంటతో తిండి సరిచేసుకోవడం ఎలా?

"అత్తయ్యగారికి షుగరు, మా ఆయనకి బీపీ, పిల్లలేమో కూర ముట్టరు. రోజుకి ఎన్ని వంటలు చేయనండీ?" ఈ మాట వినని నెల లేదు నాకు. అమలాపురం నుంచి, భీమవరం నుంచి, పెళ్లయి హైదరాబాద్ వెళ్లిన మా వైపు ఆడపిల్లల నుంచి, అందరిదీ ఇదే ప్రశ్న. వెనకాలే ఇంకోటి వస్తుంది: "అన్నం మానేయాలా?"

అక్కర్లేదు. గోదారి కాలవల కింద వరి పండే చోట పుట్టి పెరిగినవాళ్లని రేపటి నుంచి అన్నం వద్దంటే పది రోజులు ఓర్చుకుంటారు. పదకొండో రోజు ఇంట్లో ముద్దపప్పు, కొత్తావకాయ ఉంటే ఆ పది రోజులదీ కలిపి తింటారు. నలుగురికి నాలుగు వంటలూ అక్కర్లేదు. షుగరున్న పెద్దావిడకి మంచిదైన వంట పదేళ్ల పిల్లాడికీ మంచిదే. ఎవరి కంచంలో ఏది ఎంత పడుతుందన్న దగ్గరే తేడా అంతా. అందుకని కింద రాసినవి ఎక్కువగా కొలతలే. వంటలు మీకు వచ్చినవే.

మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక

ఇంట్లో ఎవరైనా ఇన్సులిన్ తీసుకుంటున్నా, షుగరు మాత్రలు వాడుతున్నా అన్నం ఒక్కసారిగా సగానికి తగ్గించకండి. వాళ్ల మందు మోతాదు పాత తిండికి సరిపడా రాసింది. మా అత్తయ్యగారి విషయంలో నేను ఈ తప్పు చేశాను. అన్నం సగం చేసిన మూడో రోజు రాత్రి ఆవిడకి ఒళ్లంతా చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, మాట తడబడింది. వెంటనే పంచదార నీళ్లు పట్టిస్తే తేరుకున్నారు. ఆ రాత్రి నేను పడ్డ టెన్షన్ మీరు పడకూడదు. డాక్టరుకి ముందే చెప్పి, వారానికి కొంచెం చొప్పున తగ్గించండి.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు పప్పు, ఆకుకూరలు, కొబ్బరినీళ్లు ఎంత తీసుకోవాలో డాక్టరు చెప్పిన ప్రకారమే నడుచుకోవాలి. వార్ఫరిన్ లాంటి రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు ఆకుకూరలు రోజూ ఇంచుమించు ఒకే కొలతలో తినాలి. ఒక వారం అసలు లేకుండా, తర్వాతి వారం పూటపూటా తినడం వాళ్లకి మంచిది కాదు.

కావలసినవి

- బియ్యం కొలిచే గ్లాసు ఒకటి. ఎప్పుడూ అదే గ్లాసు.
- అన్నం వడ్డించే హస్తం. ఇది కూడా మార్చకూడదు.
- 750 మిల్లీలీటర్ల గాజు సీసా, మూతతో.
- బస్తా మీద, ప్యాకెట్ల మీద తేదీ రాయడానికి చెరగని మార్కర్.
- కుట్టుపని చేసేవాళ్లు వాడే కొలత టేపు.
- కాటా ఒక్క రోజుకి చాలు. లేకపోతే కిరాణా కొట్టులో అడిగి మీ గ్లాసుడు బియ్యం తూకం వేయించుకోండి.

కొత్త సరుకులు కొనాల్సిన పని లేదు. ఓట్స్, క్వినోవా, డబ్బాల్లో వచ్చే పొడులు ఈ లెక్కలో లేవు.

1. మొదటి వారం ఏమీ మార్చకండి, రాసుకోండి

ఇంట్లోకి వచ్చిన బియ్యం బస్తా మీద, నూనె ప్యాకెట్ మీద, ఉప్పు, పంచదార డబ్బాల మీద విప్పిన రోజు తేదీ రాయండి. వారంలో ఎన్ని కిలోల కూరగాయలు కొన్నారో, ఎన్ని గుడ్లు, ఎంత చేప తెచ్చారో క్యాలెండర్ మీద వేయండి. అంతే.

ఎంత ఉండాలన్నదానికి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన లెక్క తీసుకుందాం. మామూలు పని చేసే పెద్దవాళ్లకి, అంటే రోజుకి 2000 కేలరీలు సరిపోయేవాళ్లకి, ధాన్యాలు 250 గ్రాములు, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు, పళ్లు 100 గ్రాములు, పప్పులు గానీ గుడ్డు, చేప, మాంసం గానీ 85 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు. అన్నీ వండకముందు తూకాలు.

నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి ఇది ఇలా తేలుతుంది:

- బియ్యం, ఇడ్లీ రవ్వ, గోధుమపిండి, అటుకులు అన్నీ కలిపి రోజుకి కిలో. అంటే టిఫిన్లకి వేరే ధాన్యాలు వాడే ఇంట్లో 26 కిలోల బియ్యం బస్తా నెల దాటాలి.
- నూనె నెలకి మూడున్నర లీటర్లు దాటకూడదు. మనం కొబ్బరి, వేరుశనగ, నువ్వులు కూడా బాగా వాడతాం కాబట్టి 3 లీటర్లు పెట్టుకోండి.
- ఉప్పు మనిషికి రోజుకి 5 గ్రాములు. కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలి. ఊరగాయల్లో ఉప్పు కూడా ఆ 5 గ్రాముల్లోకే వస్తుంది, కాబట్టి ఊరగాయ తినే ఇంట్లో ప్యాకెట్ ఇంకా ఎక్కువ రోజులు రావాలి.
- కూరగాయలు వారానికి 11 కిలోలు.

చివరి అంకె చూసి చాలామంది ఆగిపోతారు. మనం కొనేది నాలుగైదు కిలోలు. బియ్యం మాత్రం మూడు వారాలకే అయిపోతుంది. రెండూ పక్కపక్కన చూస్తే ఎక్కడ సరిచేయాలో ఎవరూ చెప్పక్కర్లేదు. పదకొండుకి ఒక్కసారే వెళ్లకండి. ఈ నెల ఆరు, వచ్చే నెల ఎనిమిది చేయండి.

పొలం పనికి, రొయ్యల చెరువుల పనికి వెళ్లేవాళ్లున్న ఇంట్లో బియ్యం ఇంతకంటే ఎక్కువే పడుతుంది, పడాలి కూడా. రోజంతా కుర్చీలో కూర్చునేవాళ్లు ఆ కొలతతో తినడమే ఇబ్బంది.

2. అన్నం ఎన్ని విడతలు తింటున్నారో లెక్కపెట్టండి

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. మన భోజనంలో అన్నం ఒక్కసారి వడ్డించేది కాదు. పప్పులోకి ఒకసారి, కూరలోకి ఒకసారి, పులుసులోకో చారులోకో ఒకసారి, పెరుగులోకి ఇంకోసారి. మధ్యలో పచ్చడితో ఒక ముద్ద. ప్రతి విడతా కొంచెమే అనిపిస్తుంది. లేచేసరికి నాలుగు విడతలవుతాయి. కూర మాత్రం మొదట వడ్డించిందే, అదీ నంజుకోవడానికి సరిపడా.

ఇలా మార్చండి. కంచంలో ముందు కూర వడ్డించండి, సగం కంచం నిండాలి. పక్కన పప్పు ఒక కప్పు. తర్వాత అన్నం మొత్తం ఒకేసారి పెట్టేయండి. 100 గ్రాముల బియ్యం వండితే ఇంచుమించు 300 గ్రాముల అన్నం అవుతుంది, మామూలు హస్తంతో మూడు. మీ హస్తం పెద్దదో చిన్నదో ఒకసారి తూకం వేసి చూసుకోండి. ఆ మూడు హస్తాల అన్నాన్ని కంచంలోనే భాగాలు చేసుకోమనండి: పప్పులోకి ఒకటి, కూరలోకి ఒకటి, మిగిలింది చారుకీ పెరుగుకీ. అన్నం గిన్నె వంటింట్లోనే ఉంచండి. కూర గిన్నె, పప్పు గిన్నె మధ్యలో పెట్టండి. ఇంకా ఆకలేస్తే అవి వేసుకోవచ్చు.

షుగరున్నవారికి రెండు హస్తాలు, డాక్టరుతో మాట్లాడాక. పెరుగు అన్నంలో కలపకుండా చివర్లో చిన్న గిన్నెలో ఇవ్వొచ్చు. మా మావయ్యగారు దీనికి ఒప్పుకోలేదు. పెరుగన్నం తినకపోతే భోజనం అయినట్టే ఉండదన్నారు. సరేనని చారన్నం విడత తీసేశాం, చారు గ్లాసులో పోసి ఇస్తున్నాం. ఏ విడత వదులుకోవాలో తినేవాళ్లనే ఎంచుకోనివ్వండి, గొడవ ఉండదు.

చదువుకునే పిల్లలకి, ముఖ్యంగా ఎదిగే వయసువాళ్లకి అన్నం కోసేయకండి. వాళ్లకి కూర ముందు పెట్టడం ఒక్కటే మార్పు. బాగా ఆకలితో ఉన్నప్పుడు అన్నం కంటే ముందు కంచంలో కూర కనబడితే సగం తినేస్తారు.

బియ్యం ఏ రకం కొనాలని అడుగుతారు. పశ్చిమ గోదావరిలోని మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి 1982లో వచ్చిన స్వర్ణ, అదే ఎం.టి.యు. 7029, మన చేలలోదే. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పరీక్షల్లో ఇది రక్తంలో చక్కెరను నిదానంగా పెంచే రకాల్లో ఒకటిగా తేలింది. సన్నబియ్యం మోజులో దాన్ని మనమే ముతక బియ్యమని పక్కన పెట్టాం. దొరికితే వాడండి. అలాగని ఇంకో హస్తం ఎక్కువ వేసుకోకూడదు. సొంత ధాన్యం మర పట్టించుకునేవాళ్లు పాలిష్ తక్కువ పట్టమని అడగండి. అలాంటి బియ్యం తొందరగా ముక్కవాసన వస్తుంది కాబట్టి రెండు మూడు వారాలకి సరిపడానే పట్టించుకోవాలి. గంజి వార్చే అలవాటుంటే ఆ గంజి పారబోయకండి, బి విటమిన్లు కొన్ని అందులోకే పోతాయి. అత్తెసరు పెడితే ఆ బాధ ఉండదు.

రేషన్ బియ్యంలో రంగు కొంచెం తేడాగా ఉన్న గింజలు కనబడితే ప్లాస్టిక్ అని ఏరి పారేస్తున్నారు చాలామంది. అవి బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి చేసిన గింజలు. ఉంచేయండి.

3. కూర రెట్టింపు చేయండి, నూనె రెట్టింపు కాకుండా

కూర ఎక్కువ తినమంటే చాలామంది వేపుడు ఎక్కువ చేస్తారు. దొండకాయ వేపుడు, అరటికాయ వేపుడు, బెండకాయ వేపుడు. కూరతో పాటు నూనె కూడా రెట్టింపవుతుంది, నెల తిరగకముందే మొత్తం మానేస్తారు.

పద్ధతి ఇది. ముక్కల్ని ముందు ఉప్పు, పసుపు వేసి, కాసిని నీళ్లు చిలకరించి, మూతపెట్టి సన్నసెగ మీద మగ్గనివ్వండి. మెత్తబడ్డాక మూత తీసి నీరంతా ఇగరనిచ్చి, అప్పుడు వేరే మూకుడులో రెండు మూడు చెంచాల నూనెతో పోపు పెట్టి కలపండి. చివర్లో పెట్టిన పోపు వాసన పైకి తెలుస్తుంది, తక్కువ నూనెతో చేశారని ఎవరూ కనిపెట్టలేరు. మూకుడు అడుగంటుతుందని భయమైతే మందపాటిది వాడండి.

మన వంటల్లో ఇలాంటివి ముందునుంచే ఉన్నాయి. కంద బచ్చలి కూర చూడండి: ఉడికించి, చింతపండు పులుసు పోసి, దించేముందు ఆవ పెడతాం. నూనె పోపుకి మాత్రమే. ఒక్క మార్పు చేయండి, కంద సగం తగ్గించి బచ్చలి రెట్టింపు వేయండి. కంద, చేమదుంప, బంగాళాదుంప, చిలగడదుంప అన్నం వైపు లెక్క, కూర వైపు కాదు. కందకి చింతపండు తగ్గిస్తే గొంతు దురద పెడుతుంది, అది మాత్రం తగ్గించకండి. పనసపొట్టు కూడా అంతే. పసుపు నీళ్లలో ఉడికించి, గట్టిగా పిండి, పోపులో వేసి ఆవ పెడితే చాలు. బజారులో కొట్టిన పొట్టు దొరుకుతుంది కాబట్టి పని కూడా తక్కువ.

అరటి చెట్టు ఉన్న ఇంట్లో దూట పారేస్తున్నారు, నాకు బాధేస్తుంది. గెల కొట్టాక లోపలి తెల్లటి దూటని చక్రాలుగా తరిగి, వేలికి చుట్టుకునే పీచు తీసేస్తూ, మజ్జిగ కలిపిన నీళ్లలో వేయండి, నల్లబడదు. ఉడికించి పెరుగు పచ్చడి చేయొచ్చు, ఆవ పెట్టొచ్చు.

వారానికి కనీసం నాలుగు రోజులు ఆకుకూర ఉండాలి. తోటకూర, గోంగూర, బచ్చలి, చుక్కకూర, పొన్నగంటి, మునగాకు, ఏది చౌకగా ఉంటే అది. సంతలో పొద్దున్నే వెళ్తే గోదారి మధ్యలోని లంకల నుంచి వచ్చిన కట్టలు తాజాగా దొరుకుతాయి. తరిగాక కడగొద్దు, కడిగాక తరగండి. వెడల్పాటి గిన్నె నిండా నీళ్లు పోసి, ఆకులు ముంచి, పైకి తీసుకుని, ఆ నీళ్లు పారబోసి మళ్లీ ముంచాలి. అడుగున మట్టి కనబడనంతవరకూ చేయాలి. తోటకూర పప్పులో దించాక నిమ్మకాయ పిండండి. ఆకుకూరలో ఉన్న ఇనుము ఒంటికి పట్టడానికి పులుపు సాయం చేస్తుంది. భోజనం అవగానే తాగే టీ దానికి అడ్డుపడుతుంది, గంటైనా ఆగి తాగండి.

గోదారికి వరద వచ్చి లంకలు మునిగితే కూరగాయల ధరలు కొండెక్కుతాయి. జులై నుంచి సెప్టెంబరు వరకూ ఎప్పుడైనా ఇది రావచ్చు. అప్పుడు పచ్చళ్లతో లాగించేయడం అలవాటు. దానికి బదులు పెరట్లో ఉన్నవి చూడండి: మునగాకు, అవిసాకు, అరటి పువ్వు, పచ్చి బొప్పాయి, కరివేపాకు. మునగ కొమ్మ ఒకటి గట్టున పాతుకుంటే వచ్చే ఏడాదికి ఆకు కొనక్కర్లేదు.

4. పప్పు, చేప, గుడ్డు

పప్పుచారు పప్పు కాదు. గరిటెతో ఎత్తితే నీళ్లలా కారేది ఎన్నిసార్లు పోసుకున్నా పప్పు తిన్నట్టు లెక్క రాదు. నలుగురి ఇంట్లో కంది, పెసర, మినప, శనగ అన్నీ కలిపి నెలకి 5 కిలోలు అవుతున్నాయా చూసుకోండి. నీచు తినని ఇంట్లో 10 కిలోల దాకా కావాలి, పాలు పెరుగు కూడా తప్పనిసరి, ఎందుకంటే బి12 వాళ్లకి ప్రధానంగా అందులోంచే రావాలి.

చేప మన అదృష్టం. బొచ్చె, శీలావతి ఏ ఊళ్లో అయినా దొరుకుతాయి. వారానికి రెండుసార్లు పులుసు పెట్టుకోండి, వేపుడు కంటే మేలు. ముల్లుతో సహా నమిలి తినేసే మెత్తళ్లు, చిన్న చేపలు ఇంకా మంచివి, ఆ ముళ్లలోనే కాల్షియం ఉంటుంది. అయిదేళ్లలోపు పిల్లలకి ముల్లు మీరే తీసి పెట్టండి. ఎండుచేప, ఎండు రొయ్యలు బీపీ ఉన్న ఇంట్లో తగ్గించాలి. వండేటప్పుడు వేడినీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ ఒకసారి అలాగే చేస్తే ఉప్పు కొంత పోతుంది. ఆ కూరలో వేరే ఉప్పు వేయకముందు రుచి చూడండి. పులస సీజన్లో పులస తినండి. ఏడాదికి ఒకటి రెండుసార్లు తినేదానికి లెక్కలు వేయక్కర్లేదు.

కార్తీకమాసంలో జాగ్రత్త. నీచు ఆపేశాక కంచంలో చేప ఉన్న చోట బంగాళాదుంప వేపుడు వచ్చి కూర్చుంటుంది. ఆ నెల రోజులూ ఉలవచారు చిక్కగా, శనగల కూర, పెసరపప్పు పులగం చేసుకోండి.

5. వారం సీసా, ఉప్పు డబ్బా

నెల నూనె 3 లీటర్లు అనుకున్నాం కదా, వారానికి 750 మిల్లీలీటర్లు. సోమవారం పొద్దున గాజు సీసా నింపండి. ఆ వారం పోపులు, దోసెలు, చేపల పులుసు, ఆదివారం గారెలు, అన్నీ అందులోంచే. గురువారానికే అడుగు కనబడితే మిగిలిన మూడు రోజులు ఇడ్లీ, పొట్టిక్కలు (పనసాకు బుట్టల్లో ఉడికించే ఇడ్లీలు), పులుసు కూరలతో నడపండి. అప్పు కింద పెద్ద డబ్బాలోంచి తీసుకుంటే ఈ మెట్టు దండగ. ప్యాకెట్ కొనేటప్పుడు మీద గ్రాములు చదవండి. లీటరు నూనె అంటే ఇంచుమించు 910 గ్రాములు ఉండాలి. అదే సైజులో కనబడే ప్యాకెట్లు కొన్ని అంతకంటే తక్కువ తూగుతాయి.

గారెలు, బజ్జీలు వేయగా మిగిలిన నూనెని వడకట్టి ఒకటి రెండు రోజుల్లో పోపులకి వాడేయండి. మళ్లీ వేయించడానికి వద్దు. నురగ వస్తున్నా, నల్లబడినా, జిగటగా ఉన్నా పారేయండి.

ఉప్పు విషయానికొస్తే, ఆవకాయ పెట్టేటప్పుడు ఉప్పు గిన్నెలతో కొలుస్తాం, చెంచాలతో కాదు. అది గుర్తుపెట్టుకుంటే రోజుకి ఒక పూట, ఒక ముక్క అన్న నియమం కష్టమనిపించదు. మాగాయ, గోంగూర పచ్చడి కూడా ఇదే లెక్క. అన్నం వండేటప్పుడు, మజ్జిగలో, కోసిన పళ్ల మీద ఉప్పు వేసే అలవాటుంటే ముందు అవి ఆపండి. కూరలో ఉప్పు ఒకేసారి తగ్గిస్తే అందరూ గోల పెడతారు. వారానికి చిటికెడు చొప్పున తగ్గిస్తే నాలుక అలవాటు పడుతుంది. తక్కువ సోడియం ఉప్పు అని అమ్మేదాంట్లో పొటాషియం ఉంటుంది. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, బీపీ మాత్రలు వాడేవాళ్లు డాక్టరుని అడక్కుండా అది కొనకూడదు.

6. టిఫిను

ఇడ్లీకి మినప్పప్పు ఒక గ్లాసుకి రవ్వ రెండు గ్లాసులు దాటనివ్వకండి. పెసరట్టు అన్నిటికంటే మంచిది, ఉప్మా లోపల పెట్టకుండా. పిండిలో గుప్పెడు మునగాకు రుబ్బేస్తే పిల్లలకి తెలియదు. దిబ్బరొట్టె కూడా మినప ఎక్కువ ఉన్నది కాబట్టి మంచిదే, పక్కన చెరకు పానకం మాత్రం చెంచాతో కొలిచి పోయండి. ఏ టిఫినుకైనా చట్నీ, సాంబారు కప్పు నిండా ఉండాలి. పొద్దున్న చద్దన్నం మజ్జిగ పోసుకుని ఉల్లిపాయతో తినేవాళ్లు మానక్కర్లేదు, పక్కన రాత్రి పప్పో గుడ్డో చేర్చుకోండి.

7. సాయంత్రం

బడి నుంచి వచ్చిన పిల్లలకి అయిదు నిమిషాల్లో ఏదో ఒకటి చేతికి అందాలి. లేకపోతే బిస్కెట్లు, కొట్టు మీద చిప్సు ప్యాకెట్లు అందుతాయి. ఉడకబెట్టిన వేరుశనగకాయలు, జామకాయ, అరటిపండు, ఉడికించిన గుడ్డు, చలికాలంలో తేగలు, వేసవిలో ముంజలు. నాలుగేళ్లలోపు పిల్లలకి వేరుశనగ గింజలు విడిగా ఇవ్వకండి, గొంతుకి అడ్డం పడతాయి. మెత్తగా నూరి ఇవ్వండి.

ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం కాజా ఇంటికి వస్తాయి, చుట్టాలు తెస్తారు. వాటిని డబ్బాలో పెట్టి రోజూ ఒకటి తినేకంటే వచ్చిన రోజే ఇంటిల్లిపాదీ పంచుకుని, మిగిలితే పక్కింటికి ఇచ్చేయండి.

తరచుగా జరిగే తప్పులు

రాత్రి అన్నం మానేసి నాలుగు చపాతీలు, నూనె వేసి కాల్చినవి, బంగాళాదుంప కూరతో తినడం. ఇది అన్నం తగ్గించినట్టు కాదు. రెండు పుల్కాలు, కప్పు పప్పు, కప్పు కూర అయితే సరే.

షుగరున్నవారికి పొద్దున్నే పలచటి రాగిజావ. పిండిని మెత్తగా ఉడికించి తాగేస్తే చక్కెర త్వరగా పెరుగుతుంది, అందులో బెల్లం వేస్తే చెప్పేదే లేదు. రాగులు మంచివే. రొట్టెగానో, దోసెగానో చేసి పప్పుతో తినిపించండి.

పంచదార బదులు బెల్లం, తేనె ఎంతైనా వాడొచ్చనుకోవడం. షుగరు లెక్కలో మూడూ ఒకటే.

పండు బదులు జ్యూస్. జామకాయ కొరుక్కుని తినాలి. అరటిపండు షుగరున్నవారు సగం తినొచ్చు, భోజనం మీద కాకుండా విడిగా.

ఒక్కరికే పత్యం పెట్టడం. ఇది నేను చాలా ఇళ్లలో చూశాను. నాన్నగారికి ఉప్పు లేని కూర వేరే గిన్నెలో, మిగతావాళ్లకి ఘుమఘుమలాడే వేపుడు. ఆయన నాలుగు రోజులు తిని, అయిదో రోజు ఆ వేపుడే అడుగుతారు, మనకీ లేదనబుద్ధి కాదు. అందరికీ ఒకే కూర, కావలసినవాళ్లు పచ్చడి ముక్క వేసుకోవచ్చు. ఇలా అయితే ఎవరూ చిన్నబుచ్చుకోరు.

పిల్లలు కూర తినలేదని ఆ పూటే ఆమ్లెట్ వేసివ్వడం. ఒక కూర అలవాటు కావడానికి పది పదిహేనుసార్లు కంచంలో కనబడాలి. తినకపోయినా ఒక చెంచా వేయండి, తిట్టకండి. ఆకు తుంచే పని వాళ్లకి అప్పగించండి.

సరిగ్గా జరుగుతోందా? చూసుకోవడం ఎలా

నడుము కొలత నెలకి ఒకసారి, పొద్దున్నే ఏమీ తినకముందు, బొడ్డు దగ్గర టేపు బిగించకుండా తీసుకోండి. మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే తగ్గించుకోవాల్సిందే. బరువు కాటా కంటే ఇది నిజం చెబుతుంది.

ఇంట్లో షుగరు మిషన్ ఉంటే ఒక చిన్న పరీక్ష చేయండి. పాత పద్ధతిలో తిన్న రోజు, మొదటి ముద్ద నుంచి సరిగ్గా రెండు గంటలకి చూడండి. కూర ముందు, కొలిచిన అన్నం తర్వాత తిన్న రోజు అదే సమయానికి మళ్లీ చూడండి. మా అత్తయ్యగారికి వంద మాటలు చెప్పినా రాని నమ్మకం ఈ రెండు అంకెలు చూశాక వచ్చింది. 70 కంటే తక్కువ వస్తే వెంటనే పంచదార నీళ్లు ఇచ్చి, డాక్టరుతో మాట్లాడండి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష మూడు నెలలకి ఒకసారి చేయించండి, అంతకంటే ముందు చేయిస్తే మార్పు పూర్తిగా కనబడదు.

బీపీ కూర్చుని అయిదు నిమిషాలు విశ్రాంతి తీసుకున్నాక చూడాలి. తగ్గిందని మాత్ర మీరే ఆపేయకండి.

చిన్నపిల్లల బరువు, ఎత్తు అంగన్‌వాడీలో గానీ ఆరోగ్య కేంద్రంలో గానీ వేయించి రాసుకోండి. పెద్దవాళ్లకి తగ్గాలి, వాళ్లకి పెరగాలి. పిల్లల బరువు రెండు నెలలుగా కదలకపోతే వాళ్ల కంచంలో గుడ్డు, నెయ్యి చెంచా, పెరుగు పెంచండి, డాక్టరుకి చూపించండి.

ఇక వంటింటి లెక్క. రెండో బస్తా విప్పిన రోజు మొదటి బస్తా మీద రాసిన తేదీ చూడండి. 22 రోజులు వచ్చింది 28 వచ్చిందంటే పని జరుగుతోంది. అంతే వచ్చిందంటే ఎవరో ఎక్కడో విడత పెంచుతున్నారు, లేదా ఇంట్లో హస్తం మారింది. అన్నం మళ్లీ ఒకసారి తూకం వేసి, రెండో మెట్టు నుంచి మొదలుపెట్టండి.